తాతయ్య మిలిటరీ ఉత్తరాలు: ఎక్కణ్ణుంచి రాశాడో తెలిసేదెలా?

గోదారిగట్టు:
అమ్మమ్మ ట్రంకుపెట్టె అడుగున తాతయ్య యుద్ధంలో ఉండగా రాసిన ఉత్తరాలు పదకొండు దొరికాయి. ఊరు పేరు లేదు. ఫీల్డ్ పోస్టాఫీస్ నంబరు, సెన్సార్ ముద్ర, అంతే. "చిత్రభాను కార్తీకం, ఉభయకుశలోపరి" అని మొదలు. సింగపూర్‌లో చేశాడని ఇంట్లో మాట. సర్వీసు రికార్డు ఎవర్ని అడగాలి? సిరా వెలిసిపోతోంది కూడా.

సాపర్_మనవడు:
చిత్రభాను అంటే 1942 ఉగాది తర్వాత. సింగపూర్ ఫిబ్రవరి 15నే జపాన్‌కి లొంగిపోయింది. ఇక కార్తీకంలో అక్కణ్ణుంచి ఉత్తరమేంటండీ?

మాధవరం_ఆడపడుచు:
మా ఊరిని మిలిటరీ మాధవరం అని ఊరికే అనరు. ఇంటికొక్కడన్నట్టు వెళ్లారు. కానీ మా ఇంట్లో ఒక్క ఉత్తరమూ మిగల్లేదు, నాయనమ్మ పొయ్యిలో పెట్టేసింది. ఉన్నవాళ్లు అదృష్టవంతులు.

రమణ_హైదరాబాద్:
నంబరు నెట్‌లో కొట్టండి, ఊరు వచ్చేస్తుంది. మావాళ్లది ఇరాక్‌లోని బస్రా అని వచ్చింది. ఉత్తరాలు లామినేషన్ చేయించేశా, ఇక భయం లేదు.

పాతకవర్లు:
లామినేషనా! ఆ వేడికి కాగితం ప్లాస్టిక్‌కి అంటుకుపోతుంది, మళ్లీ ఊడదు. ఇక నంబరు సంగతి. ఇరవయ్యేళ్లుగా మిలిటరీ కవర్లు సేకరిస్తున్నా, చెబుతున్నా వినండి. ఆ పోస్టాఫీసు పటాలంతో పాటే నడుస్తుంది. నిన్న ఇరాక్, రేపు ఇటలీ, నంబరు మాత్రం అదే. ముద్ర మీది తేదీ కలిపి చూడాలి.

రమణ_హైదరాబాద్:
మా తాత ఎక్కడున్నాడో మీరు చెప్పాలా? బస్రా అంటే బస్రానే.

పాతకవర్లు:
తేదీ చూశారా మీరు?

రమణ_హైదరాబాద్:
లామినేషన్‌లో మెరుపు కొట్టి కనబడ్డం లేదు.

పాతకవర్లు:
అదీ సంగతి.

రమణ_హైదరాబాద్:
సేకరించేవాళ్లకి కవరు కావాలి, మాకు మనిషి కావాలి. తేడా తెలుసుకోండి.

కడపబిడ్డ:
కొట్లాట ఆపండప్పా. కామన్వెల్త్ యుద్ధసమాధుల సైట్‌లో వెతికితే మా జేజినాయన పేరు దొరికింది, తండ్రి పేరు, ఊరితో సహా. బర్మాలో, రంగూన్ మెమోరియల్ మీద ఉందంట. కనబడలేదని తంతి వచ్చినా మా జేజి బొట్టు తీయలేదు. పోస్టుమాన్ సైకిల్ బెల్లు వినబడితే చాలు, వాకిట్లోకి పోయేదంట.

గోదారిగట్టు:
మావాడి పేరు అందులో లేదే?

సాపర్_మనవడు:
అది పోయినవాళ్ల జాబితా, మీ తాతయ్య తిరిగొచ్చాడుగా. రెజిమెంటు నంబరు పట్టుకోండి. మద్రాస్ సాపర్స్, అంటే సైన్యంలో ఇంజనీర్ల దళం, అయితే బెంగళూరు, మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరిలోని వెల్లింగ్టన్. వాళ్లకే రాయాలి. నేను రాసి ఎనిమిది నెలలు, ఉలుకూ పలుకూ లేదు.

బుల్లెమ్మగారబ్బాయి:
పెన్షన్ బకాయిలు మనవళ్లకి ఇస్తారా?

గోదారిగట్టు:
ఇప్పుడే ఏడో ఉత్తరం చదివా. రెండు వరసలు నల్లసిరా పూసి కొట్టేశారు. దాని కిందే, "ఇక్కడ ఖర్జూరాలు మన తాటిపళ్ల లెక్క, చెట్ల కింద రాలి ఉంటాయి, చిన్నదానికి పంపుదామంటే వీలు లేదు" అని ఉంది. చిన్నదంటే మా అమ్మమ్మ.

రమణ_హైదరాబాద్:
బస్రా! చెప్పానా?

పాతకవర్లు:
ఈజిప్టులోనూ రాలతాయండీ ఖర్జూరాలు. ముద్ర మీద తేదీ చెప్పండి.