చీనీ తోటలో 400 కేవీ లైనుకు గూటం కొట్టినారు, ప్రజాభిప్రాయ సేకరణ ఎప్పుడు పెడతారు?

పుట్లూరు_చీనీ

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా పుట్లూరు మండలం. మా నాయనకు ఐదెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. చెట్లకు ఏడేండ్లు, ఇప్పుడిప్పుడే మంచి కాపు మీదికొచ్చినాయి. పోయిన వారం ఎవరో ముగ్గురు జీపులో వచ్చి, తోట నడిమిలో రెండు సాళ్ల మధ్య గూటం కొట్టి ఎర్ర పెయింటు పూసి పోయినారు. మా నాయన అడిగితే "400 కేవీ లైను పెద్దాయనా, సోలార్ కరెంటు పోతాది, మీకు డబ్బులొస్తాయిలే" అన్నారంట. చేతికి ఒక్క కాగితమూ ఇవ్వలేదు.

తాడిపత్రి పక్క సిమెంటు ఫ్యాక్టరీలకు, తుమ్మలపల్లె యురేనియానికి ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఈ లైనుకూ అట్లే సభ పెడతారు, ఆ రోజు అందరం పోయి చెప్పుకుందాం అని మా ఊర్లో కాచుకోని ఉన్నారు. ఆ సభ ఎప్పుడు? నోటీసు యాడ అంటిస్తారు? వంక దాటితే అంతా బీడే, లైనును అటు జరపమని అడగొచ్చా? తీగల కింద పనిచేస్తే రోగాలొస్తాయని మా అమ్మకు ఇంకో భయం. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

గుత్తి_సర్వే

అమ్మా, నేను లైను సర్వేల్లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. ముందు గట్టిగా ఒకటి చెప్పాలి: ఆ సభ రాదు. దానికోసం కాచుకోవద్దని ఊర్లో ఈ రాత్రికే చెప్పండి. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ పట్టికలో సిమెంటు ఉంది, గనులు ఉన్నాయి, థర్మల్ ప్లాంట్లు ఉన్నాయి. కరెంటు లైన్లు లేవు. ఎంత పెద్ద వోల్టేజీ అయినా లైనుకు పర్యావరణ అనుమతీ అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణా అక్కర్లేదు. సభలో చెప్పుకుందామని కూర్చున్న ఊళ్లలో ఫౌండేషన్ గుంతలు తవ్వేదాకా ఎవరూ నోరు విప్పకపోవడం నేను చూసినాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

అట్లని పరిశీలన అసలే ఉండదని కాదు, మీ ఊరిదాకా రాదు, అంతే. సర్వే మొదట్లో మ్యాపు మీద మామూలుగా మూడు దారులు గీసి, ఏ దారిలో ఎంత ఫారెస్టు తగులుతుంది, ఎన్ని ఊళ్లు, ఎన్ని రోడ్లు, రైలు పట్టాలు దాటాలి అని పోల్చి ఒకటి ఎంచుకుంటారు. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) అప్పుతో వేసే లైన్లకైతే పర్యావరణ, సామాజిక నివేదిక రాయాల్సిందే. పెద్ద లైన్లు వేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ పవర్‌గ్రిడ్‌కు 1998 నుంచీ దీనికి సొంత విధానం ఉంది. కానీ ఆ పోలికలో ఫారెస్టుకే బరువెక్కువ. ఫారెస్టు భూమి తగిలితే 1980 అటవీ చట్టం కింద కేంద్రం అనుమతి కావాలి, నెలలకు నెలలు పడుతుంది. అందుకని లైను గుట్టను తప్పించుకోని పట్టా భూమి మీదికి వంగుతుంది. ఏడేండ్లు నీళ్లు పోసి పెంచిన తోట ఆ పోలిక పట్టికలో 'వ్యవసాయ భూమి' అనే ఒక్క మాట కింద పోతుంది. ఇది నాకు ఎప్పుడూ బాధగానే ఉండేది.

"మా భూమిలో వెయ్యనివ్వం" అనే మాట నిలబడదు. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 164 కింద అధికారం తెచ్చుకున్న కంపెనీకి 1885 టెలిగ్రాఫ్ చట్టం అధికారాలన్నీ వస్తాయి. రైతు ఒప్పుకోలు అక్కర్లేదని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. అడ్డుకుంటే కలెక్టర్ దగ్గర ఆర్డరు తెచ్చుకుంటారు. నిలబడేది ఏమంటే, "ఇట్ల కాదు, అట్ల వెయ్యండి" అని దారి చూపించే అర్జీ. అదీ గూటాల దశలోనే. గుంత తవ్వినాక ఎవరూ జరపరు.

మీ గూటం మీద 'ఏపీ' అని రాసి నంబరు ఉందేమో చూడండి. ఉంటే అది యాంగిల్ పాయింట్, లైను మలుపు తిరిగే చోటు. లేకుంటే మామూలు టవర్ లొకేషన్. మామూలుదాన్ని అదే గీత మీద ముందుకో వెనక్కో కొంచెం జరపడం పెద్ద పని కాదు.

లైను జరగకపోయినా చెట్లు కాపాడుకునే మార్గం ఒకటుంది. 400 కేవీ తీగ నేలకు తక్కువలో తక్కువ 8.84 మీటర్ల ఎత్తులో ఉండాలి. చెట్టుకూ తీగకూ మధ్య 5.5 మీటర్లు వదలాలి. తీసేస్తే చెట్టు ఎత్తుకు మూడు మీటర్ల పైచిలుకు మిగులుతుంది. మీ చీనీ చెట్లు ఇప్పటికే అంత ఎత్తుకు వచ్చుంటాయి. రెండు టవర్ల నడిమిలో తీగ బాగా కిందికి దిగుతుంది, ఎండాకాలం ఇంకా దిగుతుంది. అక్కడ తోట పడితే నరకాలంటారు. టవర్ దగ్గర తీగ పైన ఉంటుంది, చెట్టు నిలబడుతుంది. పైగా టవర్‌కు మూడు, ఆరు, తొమ్మిది మీటర్ల ఎక్స్‌టెన్షన్ (కాళ్ల కింద అదనపు ఇనుప భాగం) వేసి లేపొచ్చు. తోటలున్న చోట ఎక్స్‌టెన్షన్ వెయ్యమని రాసి అడగండి. ఇనుము ఖర్చు పెరుగుతుంది కాబట్టి వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఓర్వకల్లు_రైతు

అక్కా, మా పక్క సోలార్ పార్కు వచ్చినాక లైన్లు చానా చూసినాం. మా చేన్లో ఒక లైను పోయినప్పుడు ఆ కంపెనీవాళ్లు చెట్లకు, పంటకు మాత్రమే లెక్క కట్టి సంతకం పెట్టించుకున్నారు. తీగల కింద భూమికి ఏమీ రాయలేదు. మీరు అట్ల సంతకం పెట్టొద్దు.

కేంద్ర విద్యుత్ శాఖ 2015లో టవర్ కింది జాగాకు భూమి విలువలో 85 శాతం, తీగల కారిడార్‌కు (అంటే తీగల కింద పొడుగునా పోయే భూమి పట్టీకి) 15 శాతం దాకా అని చెప్పింది. 2024 జూన్‌లో దాన్ని మార్చి టవర్ జాగాకు 200 శాతం, కారిడార్‌కు 30 శాతం చేసింది. టవర్ జాగా అంటే నాలుగు కాళ్ల మధ్యే కాదు, చుట్టూ ఇంకో మీటరు కలుపుకోవాలి. ఇవి కేంద్రం మార్గదర్శకాలు, అమలు చేసేది రాష్ట్రం. ఇప్పుడు నడుస్తున్న ఉత్తర్వు కాపీ కలెక్టరేట్‌లో అడిగి తీసుకోండి. 400 కేవీకి కారిడార్ వెడల్పు 46 మీటర్లు. మీ తోటలో వంద మీటర్లు పోయిందనుకున్నా ఎకరా పద్నాలుగు సెంట్లు దాని కింద పడ్డట్టే. చెట్ల డబ్బు దీనికి వేరే, దానికి హార్టికల్చర్ వాళ్లు విలువ కడతారు. పంచనామా రాసేటప్పుడు పక్కనే ఉండి ఒక్కో చెట్టు వయసు, కాపు రాయించండి.

ఇంకోటి, బోరు. మీ బోరు ఆ 46 మీటర్ల లోపల పడుతుందేమో ముందు చూసుకోండి. మోటరు కాలిపోయి పైకి తీసేటప్పుడు ఇరవై అడుగుల పైపు నిట్టనిలువుగా లేస్తుంది, పైన తీగ ఉంటే ప్రాణాలకే ప్రమాదం. కొత్త బోరు వెయ్యాలన్నా బండివాళ్లు తీగల కింద మాస్టు లేపరు. మన సీమలో బోరు లేని తోట ఏం తోట? సర్వేవాళ్ల మ్యాపులో బోర్లు ఉండవు. మీరే గుర్తు పెట్టి ఇవ్వాలి.

నంద్యాల_పిట్టలు

లైన్లు పర్యావరణ పట్టికలో లేకపోవడం వల్ల నష్టపోయేది రైతు ఒక్కడే కాదండి. బట్టమేక పిట్ట కోసం 1988లో మా రోళ్లపాడును అభయారణ్యం చేశారు. ఆ పిట్ట పదిహేను కిలోల దాకా తూగుతుంది, ఎదురుగా ఉన్నది సరిగా కనిపించదు, ఎగిరేటప్పుడు తీగను తప్పించుకోలేదు. రాజస్థాన్, గుజరాత్‌లలో దీని కోసమే లైన్లను భూమిలో వెయ్యమని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించి, 2024లో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. ఇక్కడ అంత చర్చ కూడా జరగలేదు, ఈలోపల మా పిట్టలు దాదాపు కనిపించకుండా పోయాయి.

మీ ఊరి చెరువుకు చలికాలంలో కొంగలు, బాతులు దిగుతుంటే అది తప్పక రాయండి. పొద్దున ఏ దిక్కు నుంచి వస్తాయో, ఏ ఎత్తులో వస్తాయో ఫొటోలతో సహా జిల్లా అటవీ అధికారికి (డీఎఫ్ఓ) పెట్టండి. చెరువు దగ్గరి టవర్ల మధ్య తీగలకు, పిట్టలకు తీగ కనిపించేలా చేసే బర్డ్ డైవర్టర్లు కట్టొచ్చు, దానికి పెద్ద ఖర్చు లేదు. లైను ఎక్కడన్నా ఫారెస్టును తాకుతుంటే కేంద్ర పర్యావరణ శాఖ అనుమతుల వెబ్‌సైట్ పరివేష్‌లో దరఖాస్తు, మ్యాపు ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు. చాలాసార్లు లైను మొత్తం దారి రైతుకు కనిపించేది అక్కడే.

కడప_ఫిజిక్స్

అమ్మగారి భయం గురించి. విద్యుత్ లైన్ల అయస్కాంత క్షేత్రాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో 'క్యాన్సర్ కారకం కావొచ్చు' అనే వర్గంలో పెట్టింది. పిల్లల లుకేమియా మీద కొన్ని అధ్యయనాల్లో చిన్న సంబంధం కనిపించింది, అదే కారణమని రుజువు కాలేదు. పొలంలో కాసేపు పనిచేసి వచ్చేవాళ్లకు భయపడాల్సిన పని లేదు. ఇల్లు, పశువుల కొట్టం మాత్రం కారిడార్ బయటే ఉంచుకోండి. తీగల కింద పొడుగాటి ఇనుప కంచె ఉంటే దానికి అక్కడక్కడా ఎర్త్ చేయించండి, లేకుంటే ముట్టుకుంటే జివ్వుమంటుంది.

పుట్లూరు_చీనీ

అందరికీ చానా థ్యాంక్స్. ఇప్పుడే పోయి చూసొచ్చినా. గూటం మీద 'ఏపీ' అని రాసి నంబరు ఉంది. మా బోరు దానికి ఇరవై అడుగులు కూడా లేదు. వంక అవతల బీడు మా చిన్నాయనవాళ్లదే, అటు జరిపితే వాళ్లకు అభ్యంతరం లేదన్నారు. అర్జీ ఎవరి పేరు మీద రాయాలి?

గుత్తి_సర్వే

మలుపు టవరే అయితే ఇంకా తొందరపడాలి. అది జరిగితే అటూ ఇటూ రెండు పక్కలా గీత మారుతుంది, కాబట్టి మీ చిన్నాయనే కాదు, ముందూ వెనకా ఉండే రైతులు కూడా సంతకం పెట్టాలి. సచివాలయంలో సర్వేయర్ దగ్గర ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) తీసుకోని, బోరు, తోట, వంక, బీడు గుర్తుపెట్టి, మీరు అడిగే కొత్త దారిని పెన్సిల్‌తో గీసి సర్వే నంబర్లు వెయ్యండి. కలెక్టర్ పేరు మీద రాసి సోమవారం గ్రీవెన్స్‌లో ఇవ్వండి. అదే కాపీ లైను వేసే కంపెనీ ప్రాజెక్టు ఆఫీసుకు రిజిస్టర్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఆర్టీఐ కింద రూటు పోలిక నివేదిక, సెక్షన్ 164 ఉత్తర్వు అడగండి, కానీ అవి వచ్చేదాకా అర్జీ ఆపొద్దు. ఎఫ్ఎంబీ మీద గీసేటప్పుడు వంక గట్టు మీదికి టవర్ రాకుండా చూసుకోండి, అక్కడ మట్టి కోసుకుపోతుందని వాళ్లే కాదంటారు.