అల్జీమర్స్‌ను ‘మూడో రకం మధుమేహం’ అనవచ్చునా?

కలువ:
అనడమే సబబని నా అభిప్రాయం. శరీరం బరువులో 2 శాతమే ఉండే మెదడు మొత్తం శక్తిలో దాదాపు 20 శాతం వాడుకుంటుంది, దానికి ప్రధానాధారం గ్లూకోజే. ఈ రోగుల మెదడు కణాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించడం లేదని గమనించిన పరిశోధకులు 2005లోనే ఈ పేరు పెట్టారు. పైగా ఇన్సులిన్‌ను విడగొట్టే ఎంజైమే ఈ జబ్బులో మెదడులో పేరుకునే అమిలాయిడ్ బీటా అనే ప్రొటీన్‌నూ విడగొడుతుంది. తీపి, వేపుళ్లు తగ్గించమంటే విననివారు ఈ పేరుకైనా భయపడతారు.

నిదానం:
కలువ గారూ, ఎంజైము సంగతి నిజమే, నా పేచీ అంతా పేరుతోనే. డిమెన్షియాకు, అంటే అల్జీమర్స్‌తో సహా జ్ఞాపకం, ఆలోచన క్షీణించే జబ్బులకు, 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల కమిషన్ చెప్పిన, మార్చుకోగల 14 ముప్పు కారణాల్లో మధుమేహం, ఊబకాయం, అధిక రక్తపోటు, చెడు కొలెస్ట్రాల్ అన్నీ ఉన్నాయి. కానీ మధుమేహం వల్ల పెరిగే ముప్పు అల్జీమర్స్‌లో కన్నా రక్తనాళాలు దెబ్బతిని వచ్చే డిమెన్షియాలోనే ఎక్కువ. సన్నని నాళాలు పాడై, మెదడు లోపలి భాగాలకు రక్తం చాలక, బయటికి తెలియని చిన్న చిన్న స్ట్రోకులు వస్తాయి. అల్జీమర్స్ ఉన్నవారిలో చాలామందికి అసలు షుగరే లేదు.

ఇక భయం మాట. మా నాన్నగారు ఒక రాత్రి షుగరు మాత్ర వేసుకుని, తినకుండానే పడుకున్నారు. అర్ధరాత్రి మంచం అంచున కూర్చుని, చొక్కా గుండీ పెట్టుకోవడం చేతకాక, చెమటలు కక్కుతూ, ‘నువ్వెవరమ్మా’ అని నన్నడిగారు. మీటరులో 48 చూపించింది. గ్లూకోజు నీళ్లు తాగించిన పావుగంటకు నన్ను పేరు పెట్టి పిలిచారు. షుగరు ఎంత తగ్గితే మెదడుకు అంత మేలనే నమ్మకమే ఆయనను అక్కడికి తెచ్చింది. 2011లో ఫలితాలు వెలువడిన అకార్డ్ మైండ్ అధ్యయనంలోనూ, షుగరును గట్టిగా అదుపు చేసినవారి ఆలోచనాశక్తి 40 నెలల తరువాత మిగతావారికన్నా మెరుగ్గా లేదు.

కలువ:
భయం గురించి నేనన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను, మందులు వాడే పెద్దవారిని నేను తలచుకోలేదు. ఆహారం విషయంలో మాత్రం తగ్గను. ఫిన్లాండులో 60 నుంచి 77 ఏళ్ల వయసున్న 1,260 మందితో జరిపిన ‘ఫింగర్’ అనే అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. ఆహారం, వ్యాయామం, మెదడుకు సాధన, రక్తపోటు వంటి వాటి పర్యవేక్షణ కలిపి రెండేళ్లు సాగించినవారి ఆలోచనాశక్తి, మామూలు సలహాలు మాత్రమే పొందినవారికన్నా మెరుగైంది.

నిదానం:
అందులో జ్ఞాపకశక్తి పరీక్షలో స్పష్టమైన తేడా రాలేదు, ఆహారాన్ని విడిగా పరీక్షించనూ లేదు. అయినా మా ఇంట్లో నేను పాటిస్తున్నది ఆ పద్ధతే, ‘మూడో రకం’ అనే మాట నాన్నగారి చెవిన వేయకుండానే.