రైలు సర్వే ఖర్చు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది, ఏది వేయాలి? అర్జెంట్

రాత్రిబండి:
మధ్యాహ్నం రెండింటికి కూర్చున్నాను, ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. ముందున్న టీ చల్లారి మీగడ కట్టింది. అమెరికాలో రైలు దారి వెతకడానికి 1850లలో చేసిన సర్వేల మీద ఒక వ్యాసం అనువాదం చేస్తున్నాను. చివర్లో ఒక పట్టిక ఉంది, ఏ దారికి ఎంత ఖర్చు అవుతుందన్నారో చెప్పేది. మిగతా గడులన్నీ నిండాయి. ఒక్క గడి దగ్గర చచ్చిపోతున్నాను. ఒకచోట 16 కోట్ల 92 లక్షల డాలర్లు అని ఉంది, ఇంకోచోట అదే దారికి దాదాపు 9 కోట్ల 40 లక్షలు. తేడా ఏడున్నర కోట్లు! ఏది కరెక్టో చెప్పండి. రేపు పొద్దున్నే ఇచ్చేయాలి. వెతుక్కోమని మాత్రం చెప్పకండి, ఏడు గంటలుగా అదే పని.

సూటిగా:
ఏ దారి?

సగంచదువు:
ఇది మిలియన్లు, కోట్ల గొడవే అయి ఉంటుంది బ్రో. పది మిలియన్లు ఒక కోటి. మా ఆఫీసులో ఒకసారి ఒకాయన 25 మిలియన్లను 25 కోట్లని స్లైడులో వేసేశాడు, మీటింగంతా నవ్వులే. మీరు చూసిన రెండు చోట్లలో ఒకచోట తెలుగులోనో హిందీలోనో ఉందా? అక్కడే జారి ఉంటుంది.

రాత్రిబండి:
లేదండీ, రెండూ ఇంగ్లీషే. ఒకచోట 169 మిలియన్లు, ఇంకోచోట సుమారు 94. కోట్లలోకి మార్చింది నేనే, మూడుసార్లు సరిచూసుకున్నాను.

పదకోశం:
అడిగిన ప్రశ్నకు జవాబు కాదు కానీ, వ్యాసానికి శీర్షిక ఏం పెట్టారు? "ఖండాంతర రైలుమార్గం" అని పెట్టి ఉంటే దయచేసి మార్చండి. అంతరం అంటే ఇక్కడ మరొకటి. గ్రామాంతరం అంటే వేరే ఊరు, దేశాంతరం అంటే వేరే దేశం. ఖండాంతర క్షిపణి ఒక ఖండం నుంచి ఇంకో ఖండం మీద పడుతుంది. ఈ రైలు ఖండం దాటి ఎక్కడికీ పోదు, సముద్రం కనబడగానే ఆగుతుంది. పత్రికల వాళ్లు ఏళ్ల తరబడి ఈ తప్పు రాస్తూనే ఉన్నారు.

సగంచదువు:
మరి ఏం పెట్టమంటారు సార్?

పదకోశం:
"తీరం నుంచి తీరానికి" అంటే చాలు.

సూటిగా:
అదీ తప్పే. తూర్పు నుంచి మిస్సిసిపీ నది వైపు రైళ్లు అప్పటికే వచ్చేస్తున్నాయి. సర్వే చేసింది ఆ నది నుంచి పసిఫిక్ దాకా. రాత్రిబండి గారూ, ఏ దారి?

పీడబ్ల్యూఐ తాత:
బాబూ, లేక అమ్మా, పేరు చూస్తే తెలియడం లేదు. ముందు "సర్వే" అనే మాట దగ్గరే నాకు పేచీ ఉంది. రైల్వేలో పీడబ్ల్యూఐగా, అంటే పట్టాల బాగోగులు చూసే ఇన్‌స్పెక్టరుగా, 34 ఏళ్లు పట్టాల మీద నడిచినవాణ్ణి. మా దగ్గర దీనికి మూడు మెట్లుంటాయి. మొదటిది రికానైసెన్స్, అంటే ఆ ప్రాంతమంతా తిరిగి, ఇటు పోవచ్చు, అటు పోకూడదు అని చెప్పడం. రెండోది ప్రిలిమినరీ. మూడోది ఫైనల్ లొకేషన్. కోణాలు కొలిచే థియోడలైటు పెట్టి, లెవెల్ తీసి, సెంటర్ లైను మీద పెగ్గులు కొట్టేది అప్పుడే. ఖర్చు లెక్క నమ్మాలంటే ఆ మూడో మెట్టు దాకా ఆగాలి.

1853 మార్చిలో అక్కడి చట్టసభ కాంగ్రెస్ లక్షా 50 వేల డాలర్లు ఇచ్చి, పసిఫిక్‌కు ఏ దారి చవకో, ఏది వీలో తేల్చమంది. ఏడాది కూడా గడువు ఇవ్వలేదు. పోయినవాళ్లు సైన్యంలోని టోపోగ్రాఫికల్ ఇంజనీర్లు, అంటే నేల ఎత్తుపల్లాలు కొలిచి పటాలు గీసేవాళ్లు. రెండు వేల మైళ్ల ఎడారి, కొండ, మంచు. ఆ డబ్బుతో, ఆ టైంలో జరిగేది మొదటి మెట్టే. దూరం ఎలా కొలిచారో తెలుసా? బండి చక్రానికి ఒక లెక్కపెట్టే యంత్రం కట్టి, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో చూసి మైళ్లు వేశారు. బండి పోలేని చోట అంచనాయే. ఎత్తుకు గాలి ఒత్తిడి చూపే బారోమీటరు. దాదాపు రెండు మూరల పొడవు గాజు గొట్టం, లోపల పాదరసం. దాన్ని పసిబిడ్డలా మోసుకుంటూ కొండ ఎక్కాలి. కంచరగాడిద ఒక్కసారి తూలిందా, గొట్టం భళ్లుమంటుంది, ఆ దారి ఎత్తులన్నీ దానితోనే పోతాయి.

పగలకపోయినా తిప్పలే. పాదరసం ఒక అంగుళంలో పదో వంతు దిగితే, మీరు 90 అడుగులకు పైగా ఎక్కినట్టు లెక్క. అదే పదో వంతు వానమబ్బు పట్టినా దిగుతుంది! ఎక్కామా, మబ్బు పట్టిందా? తేల్చుకోవాలంటే దగ్గర్లో ఇంకో బారోమీటరు కదలకుండా ఒకచోట ఉండి, అదే సమయానికి రీడింగు తీస్తూ ఉండాలి. ఆ అడవిలో ఎవడు తీస్తాడు? 12 మైళ్ల ఘాటులో వంద అడుగులు తప్పితే మైలుకు 8 అడుగుల తేడా. తర్వాత చట్టంలో పెట్టిన గ్రేడియంటు, అంటే ఎక్కుడు వాలు, పరిమితే మైలుకు 116 అడుగులు, మన లెక్కలో సుమారు 45కి 1, అంటే 45 అడుగులు పోతే ఒక అడుగు ఎక్కడం. అందులో 8 అడుగులు చిన్న విషయం కాదు. మన అరకు ఘాటులో 60కి 1 ఎక్కించడానికే ఎన్ని సొరంగాలు తవ్వారో చూసినవాళ్లకు తెలుస్తుంది.

కాబట్టి మీ రెండు అంకెల్లో ఏదీ నమ్మకండి.

రాత్రిబండి:
తాతగారూ, చాలా తెలిశాయి, థాంక్స్. కానీ పట్టికలో "ఏదీ నమ్మకండి" అని రాస్తే నాకు డబ్బులివ్వరు.

శాక్రమెంటో బాబాయ్:
పీడబ్ల్యూఐ గారు చెప్పిందే అప్పట్లో థియోడర్ జూడా అనే రైల్వే ఇంజనీరు కూడా అన్నాడు. 1857లో చిన్న పుస్తకం వేసి, ఈ సర్వేల్లో మొక్కలు, పక్షులు, అమెరికా ఆదివాసీ తెగలు అన్నీ ఉన్నాయి, పెట్టుబడి పెట్టేవాడికి కావలసిన కొలతలు లేవు అని దులిపేశాడు. నిజమే కదా, 12 సంపుటాల్లో జంతువులు, పక్షులు, చేపలకే మూడు పోయాయి. వాటి అచ్చు ఖర్చు పది లక్షల డాలర్లు దాటింది. సర్వేకు మొదట ఇచ్చింది లక్షన్నర!

మేముండేది జూడా దారి వెతికిన రైలు లైనుకు దగ్గరే. జూడా 1860లో డచ్ ఫ్లాట్ అనే ఊళ్లో మందుల షాపు నడిపే డేనియల్ స్ట్రాంగ్ చూపించిన కొండ వీపు పట్టుకుని డోనర్ కనుమ ఎక్కాడు. రెండు లోయల మధ్య ఒకే వీపు, ఎక్కడా దిగకుండా దాదాపు 7 వేల అడుగుల దాకా పోతుంది. మరుసటేడు పరికరాలతో మళ్లీ కొలిచాడు. ఇప్పుడు ఇంటర్‌స్టేట్ 80 హైవే మీద పోతుంటే పక్కనే కనబడుతుంది. పై సొరంగం 1,659 అడుగులు, పట్టాలు 1993లో తీసేశారు, ఇప్పుడు నడిచి పోవచ్చు. మా పిల్లలను తీసుకెళ్తే ఎండాకాలంలో కూడా లోపల స్వెట్టర్ అడిగారు.

ఇంకో తమాషా చెప్పాలి. ఆ లైను వేసే కంపెనీకి మైదానంలో మైలుకు ప్రభుత్వం అప్పిచ్చేది 16 వేల డాలర్లు, కొండల్లో 48 వేలు. మరి కొండ ఎక్కడ మొదలవుతుంది? శాక్రమెంటో నుంచి ఏడు మైళ్ల దూరంలో ఆర్కేడ్ క్రీక్ అనే వాగు దగ్గర అని రాయించుకున్నారు. లింకన్ సంతకం పెట్టాడు. అక్కడ కారు ఆపి చూడండి, మన గుంటూరు పొలాల్లా చదును.

సగంచదువు:
అయితే ఖర్చు అంకె కూడా ఇలాంటి మతలబే! ఎవరో కావాలని పెంచారు.

సూటిగా:
వేరే దశాబ్దం, కంపెనీ వ్యవహారం. అది కంపెనీలకు రైలు పని అప్పగించిన 1862 చట్టం తర్వాతి కథ. ఈ ప్రశ్న 1850ల సర్వేలది. మూడోసారి అడుగుతున్నాను, ఏ దారి? ఉత్తరాన స్టీవెన్స్ సర్వే చేసిన దారి, తర్వాత అక్షాంశాల పేరుతో 41, 38, 35, 32. ఐదున్నాయి.

రాత్రిబండి:
అయ్యో, పైన చెప్పలేదా? ఆల్బుకర్కీ మీదుగా పోయేది. విప్పుల్ అనే సైనిక ఇంజనీరు సర్వే చేసింది.

సూటిగా:
చెప్పలేదు. 35వ అక్షాంశం. 16.92 ఎక్కడ చూశారు, 9.4 ఎక్కడ చూశారు?

రాత్రిబండి:
మొదటిది స్కాన్ చేసిన పాత పుస్తకంలో. జెఫర్సన్ డేవిస్ సంతకంతో ఉన్న రిపోర్టు, 1855. రెండోది ఒక చరిత్ర పుస్తకంలో, దాంట్లో విప్పుల్ చివరి రిపోర్టు నుంచి అని ఉంది. ఇవి చెప్పాల్సిన పని లేదనుకున్నాను, ఒకే సర్వే కదా.

సూటిగా:
అదే అసలు విషయం. విప్పుల్ బృందం మొదట పంపిన అంచనాలో లెక్క తప్పింది. యుద్ధ శాఖ మంత్రి డేవిస్ ఆ తప్పు అంకెతోనే మిగతా దారులతో పోల్చి అచ్చేశాడు. తర్వాత విప్పుల్ సరిచేస్తే సుమారు 9.4 కోట్లకు దిగింది. పట్టికలో 9.4 వేసి, కింద గమనిక పెట్టండి. పట్టిక 1855 నాటి డేవిస్ పోలిక అయితే మాత్రం 16.92 వేసి, కింద తప్పని చెప్పండి.

సగంచదువు:
డేవిస్ అంటే తర్వాత అంతర్యుద్ధంలో విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల ప్రెసిడెంటు అయినాయనేనా? ఇంకేం, దొరికాడు దొంగ! దక్షిణాన పోయే 32వ దారి చవకని చూపించడానికి 35ని అలా ఉంచేశాడు.

సూటిగా:
ఆయనే. కావాలని ఉంచాడనడానికి ఆధారం లేదు.

శాక్రమెంటో బాబాయ్:
ఆధారం లేకపోయినా అనుమానం రాకుండా ఉంటుందా సూటి గారూ? 32వ దారికి ఆయన చూపించింది 7 కోట్లలోపే. ఉత్తరం దారికి స్టీవెన్స్ 11 కోట్ల 71 లక్షలు అంటే, ఇది చాలదని పైన మరిన్ని కోట్లు కలిపింది ఈయనే. పైగా 32వ దారికి అడ్డం రాకుండా మెక్సికో నుంచి భూమి కొనుక్కున్నారు, కోటి డాలర్లకు, 1853 డిసెంబరు ఒప్పందం. ఆ కోటి రైలు ఖర్చులో ఎక్కడైనా రాశారా?

పీడబ్ల్యూఐ తాత:
స్టీవెన్స్ లెక్కకు కలపడంలో తప్పు లేదు. ఆయన అప్పుడే వాయవ్య మూలనున్న వాషింగ్టన్ టెరిటరీకి గవర్నరు, తన ఊరికి రైలు తెచ్చుకునేవాడు ఖర్చు తగ్గించే చూపిస్తాడు. మా సెక్షన్‌లో కూడా ఎవరి నియోజకవర్గం మీదుగా లైను అడిగితే ఆ అంచనా వాళ్లకు సన్నగానే కనిపించేది. ఇక మంచు సంగతి. కాస్కేడ్ కొండల్లో స్నోక్వాల్మీ కనుమ చూసి రమ్మంటే స్టీవెన్స్ కింద పనిచేసిన సైనికాధికారి మెక్లెలన్ పూర్తిగా పోనేలేదు. మంచు భయంకరంగా ఉంటుందని విన్నమాట రాసి ఊరుకున్నాడు. టింకమ్ అనే సివిల్ ఇంజనీరు 1854 జనవరిలో మంచు చెప్పులు కట్టుకుని ఆ కొండలు దాటి వచ్చి, ఏడడుగులే అన్నాడు. నడిచి చూసినవాడి మాటకూ, చెప్పగా విన్నవాడి మాటకూ తేడా అది. ట్రాలీలో కూర్చుని లైను తనిఖీ చేసే ఆఫీసర్లను నేను చాలామందిని చూశాను.

పదకోశం:
"టోపోగ్రాఫికల్ ఇంజనీర్లు" అని తెలుగు లిపిలో రాసేసి చేతులు దులుపుకుంటున్నారు అందరూ. నైసర్గిక స్వరూపం అనే మాట అయిదో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు.

సగంచదువు:
"నైసర్గిక స్వరూప ఇంజనీర్లు" అంటే మా అయిదో తరగతి వాడు పారిపోతాడు సార్.

పదకోశం:
అందుకే భాష ఇలా అయింది.

శాక్రమెంటో బాబాయ్:
ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ సర్వేల వల్ల దారి ఏదో తేలలేదు. వీలైనవి ఒకటి కాదు, చాలా ఉన్నాయని తేలింది, దాంతో కొట్లాట పెరిగింది. దక్షిణాది వాళ్లు కాంగ్రెస్ నుంచి లేచిపోయాకే 1862లో చట్టం వచ్చింది, 1869 మే 10న యూటాలో పట్టాలు కలిశాయి. తమాషా ఏంటంటే 1880లలో 35 పొడవునా, 32 పొడవునా, ఉత్తరాన కూడా రైళ్లు వచ్చేశాయి. విప్పుల్ దారి మీద ఈ రోజు గూడ్సు బళ్లు ఎలా పోతాయో చూస్తే కళ్లు తిరుగుతాయి, ఒకదాని తోక కనబడేలోపు ఇంకోటి.

రాత్రిబండి:
ఓకే, 9.4 వేశాను, కింద గమనిక పెట్టాను. థాంక్స్ అందరికీ. పడుకుంటున్నా.

పదకోశం:
శీర్షిక ఏం పెట్టారో చెప్పనే లేదు.

పీడబ్ల్యూఐ తాత:
శాక్రమెంటో బాబూ, ఈసారి ఆ సొరంగానికి వెళ్తే గోడ మీద చేత్తో కొట్టిన డ్రిల్లు గుర్తులు ఫొటో తీసి పెట్టు. ఎంత ఎడంగా వేశారో చూడాలని ఉంది. నల్ల తుపాకిమందు వాడారా, నైట్రోగ్లిజరిన్ వాడారా అన్నది ఆ ఎడం బట్టి కొంత చెప్పొచ్చు.

శాక్రమెంటో బాబాయ్:
తప్పకుండా తాతగారూ. మంచు కరగాలి, జూన్‌లో వెళ్తాం.

సూటిగా:
రాత్రిబండి గారూ, మిగతా గడులన్నీ నిండాయన్నారు. 38వ దారికి ఏం వేశారు? అది సైనికాధికారి గన్నిసన్ సర్వే చేసిన దారి, ఆయనతో కలిపి 8 మందిని 1853 అక్టోబరులో యూటాలో చంపేశారు, ఆయన కింది అధికారి బెక్విత్ పూర్తి చేశాడు. డేవిస్ పట్టికలో దానికి అంకె లేదు. ఖర్చు చాలా ఎక్కువ, అసాధ్యం అని రాసి వదిలేశారు. మీ దగ్గర అంకె ఉంటే అది ఎక్కడిది?

సగంచదువు:
పడుకున్నాడు సార్. పొద్దున్న ఇచ్చేస్తాడు.