బోస్టన్ ఫ్రీడమ్ ట్రైల్: గైడ్ లేకుండా పెద్దవాళ్ళతో నడవొచ్చా?

ప్రశ్న
నమస్కారం అందరికీ. వచ్చే నెల అమ్మానాన్నలను తీసుకుని బోస్టన్ వెళ్తున్నాను. అక్కడ అమెరికా స్వాతంత్ర్య పోరాటం నాటి చోట్లను కలిపే ఫ్రీడమ్ ట్రైల్ అనే నడకదారి చూడాలని ఉంది. నాన్న రిటైరైన సోషల్ టీచరు, ఎక్కడ బోర్డు కనిపించినా ఆగి చివరిదాకా చదువుతారు కాబట్టి గుంపుతో పరిగెత్తే గైడెడ్ టూర్ ఆయనకు పడదు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. నాలుగు కిలోమీటర్లు, 16 చోట్లు అంటున్నారు. సొంతంగా వెళ్తే దారి తెలుస్తుందా? ఏవి వదిలేయొచ్చు?

జవాబు 1
దారి గురించి టెన్షన్ అక్కర్లేదండి. బోస్టన్ కామన్ పార్కు నుంచి చార్లెస్‌టౌన్‌లోని బంకర్ హిల్ దాకా నేల మీద ఎర్ర గీత ఉంటుంది, కొన్నిచోట్ల ఇటుక, కొన్నిచోట్ల పెయింట్. దాన్ని పట్టుకుని పోవడమే. పార్క్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగితే కామన్ అక్కడే.

గ్రేనరీ శ్మశానంలో మాత్రం తొందరపడకండి. మధ్యలో ఫ్రాంక్లిన్ అని రాసిన ఎత్తైన రాతి స్తంభం చూసి బెంజమిన్ ఫ్రాంక్లిన్ సమాధి అనుకుంటారు చాలామంది. అది ఆయన తల్లిదండ్రులది, ఆయన సమాధి ఫిలడెల్ఫియాలో ఉంది. పాత పలకరాళ్ళ దగ్గర కాస్త వంగి చూడండి, రెక్కలున్న పుర్రెలు చెక్కి ఉంటాయి. స్వాతంత్ర్య పోరాట నాయకులు శామ్యూల్ ఆడమ్స్, జాన్ హాన్‌కాక్, బ్రిటిష్ సైన్యం వస్తోందని రాత్రివేళ గుర్రం మీద వెళ్ళి హెచ్చరించిన పాల్ రివేర్, ముగ్గురి సమాధులూ ఇక్కడే ఉన్నాయి.

ఆ తర్వాత 1713 నాటి ఓల్డ్ స్టేట్ హౌస్, అంటే బ్రిటిష్ పాలన నాటి ప్రభుత్వ భవనం. 1776 జూలై 18న స్వాతంత్ర్య ప్రకటనను బోస్టన్ జనానికి చదివి వినిపించింది ఆ బాల్కనీ నుంచే. దగ్గర్లోనే నేల మీద రాళ్ళతో పేర్చిన గుండ్రటి గుర్తు ఉంటుంది, 1770 మార్చి 5న బ్రిటిష్ సైనికుల కాల్పుల్లో చనిపోయిన ఐదుగురి కోసం. తెలియనివాళ్ళు దాన్ని తొక్కుకుంటూ వెళ్ళిపోతారు, చూస్తే బాధేస్తుంది.

జవాబు 2
పైన చెప్పినవన్నీ నిజమే కానీ, ఒక్క పూటలో ఆ చివరిదాకా వెళ్ళాలని పెట్టుకోవద్దు. అలా వెళ్తే బాగా అలిసిపోయాక బంకర్ హిల్ చేరతారు, అక్కడి స్మారక స్తంభానికి 294 మెట్లు, లిఫ్ట్ లేదు. నా మాట విని రెండు ముక్కలు చేయండి: ఒకరోజు కామన్ నుంచి నార్త్ ఎండ్ అనే పాతపేట వరకు, ఇంకోరోజు పొద్దున్నే లాంగ్ వార్ఫ్ రేవులో ఫెర్రీ ఎక్కి చార్లెస్‌టౌన్ నేవీ యార్డుకు. 1797లో నీళ్ళలోకి దించిన యూఎస్ఎస్ కాన్‌స్టిట్యూషన్ ఓడ అక్కడే ఉంది, ఇప్పటికీ అమెరికా నౌకాదళంలో ఉన్న ఓడే అది. ఎక్కాలంటే సెక్యూరిటీ చెకింగ్ ఉంటుంది, అమ్మానాన్నల పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకోండి. నాన్నగారు స్తంభం ఎక్కుతానంటే అమ్మగారు కింద పచ్చికలో కూర్చోవచ్చు. అన్నట్టు, 1775 జూన్ 17న బ్రిటిష్ సైన్యంతో జరిగిన యుద్ధానికి బంకర్ హిల్ పేరు వచ్చినా ఎక్కువగా జరిగింది పక్కనున్న బ్రీడ్స్ హిల్ మీద, స్తంభం కట్టింది కూడా దాని మీదే. నాన్నగారికి చెప్పండి, సంతోషిస్తారు.

ప్రశ్న అడిగినవారు
చాలా థ్యాంక్సండి, రెండు రోజులే చేస్తాం. నార్త్ ఎండ్‌లో లోపలికి వెళ్ళి చూడటానికి ఒక్కటే ఎంచుకోమంటే ఏది? పాల్ రివేర్ ఇల్లా, ఓల్డ్ నార్త్ చర్చా?

జవాబు 3
నన్నడిగితే చర్చే. రివేర్ ఇల్లు 1680 ప్రాంతంలో కట్టిన చిన్న చెక్క ఇల్లు, బయటి నుంచి చూసినా బాగుంటుంది. చర్చి 1723 నాటిది. లోపల బెంచీల వరసలు ఉండవు, నడుమెత్తు చెక్క గోడలు, చిన్న తలుపులతో గదుల్లాంటివి ఉంటాయి, చలికాలం గాలి తగలకుండా ఒక్కో కుటుంబం ఒక్కోదాంట్లో కూర్చునేది. 1775 ఏప్రిల్ 18 రాత్రి ఈ చర్చి శిఖరంలోనే రెండు లాంతర్లు చూపించారు, బ్రిటిష్ సైన్యం నది దాటి వస్తోందని. ఆ సంకేతం రివేర్ కోసమని అందరూ అనుకుంటారు, నిజానికి అది ఆయనే ఏర్పాటు చేసి అవతలి ఒడ్డున చార్లెస్‌టౌన్‌లో ఉన్నవాళ్ళకు పంపిన కబురు. టికెట్ ఉంటుంది. ఆదివారం పొద్దున ప్రార్థనలు జరుగుతాయి, ఆ సమయం తప్పించి వెళ్ళండి.