సమస్య: "కన్నుమూసి తండ్రి కవిత వ్రాసె"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఇదీ. ఇది చివరి పాదంగా వచ్చేలా మిగతా మూడు పాదాలూ రాసి పద్యం పూరించాలి:

కన్నుమూసి తండ్రి కవిత వ్రాసె

నిన్న రాత్రి ఈ పాదం తట్టాక మరి నిద్ర పట్టలేదు. రాయాలని ఎంతో ఉండి, సంసారం ఈదడంతోనే సరిపోయి, రాయకుండానే వెళ్లిపోయిన అమ్మానాన్నలు మనలో చాలామందికి ఉన్నారు. వాళ్లను తలుచుకుని పూరించండి. క్రమాలంకారంతో, అంటే పై పాదాల్లో ప్రశ్నలు వేసి సమస్యలోని మాటలనే వరుసగా జవాబులు చేసి, తప్పించుకోవద్దు, గత నెల అవి చాలా చూశాం.

తాటాకు:
పదము దొరకనపుడు పట్టువిడువకుండ
మంచమందు వాలి మౌనమూని
తెల్లవారుదాక దీపమార్పక తాను
కన్నుమూసి తండ్రి కవిత వ్రాసె

గడుసరి:
నడక బాగుంది తాటాకు గారూ. కానీ సమస్యలో ఉన్న ముల్లే తీసేశారు. మీ పద్యంలో తండ్రి బతికే ఉన్నాడు! నిర్వాహకుడు గారు అడిగింది వెళ్లిపోయినవాళ్ల గురించి. పైగా కళ్లు మూసుకున్నవాడికి దీపం ఎందుకు?

తాటాకు:
పదం దొరకగానే లేచి రాసుకోవాలి కదండీ. మా నాన్న అలాగే చేసేవారు. తెల్లారి ఆఫీసుకు వెళ్లాలి, అయినా లైటు ఆర్పనిచ్చేవారు కాదు. అచ్చులో ఒక్క పద్యమూ చూసుకోలేదు ఆయన. నా దృష్టిలో ఆ దీపమే పద్యానికి ప్రాణం.

కొత్తచిగురు:
ఒక సందేహం. "కవిత వ్రాసె"లో "త" తర్వాత సంయుక్తాక్షరం ఉంది కదా, గురువై గణం చెడదా?

నిర్వాహకుడు:
చెడదు. "వ్రాసె" వేరే పదం, సమాసం కాదు. తెలుగులో పక్క పదం మొదట్లో ఉన్న సంయుక్తం ముందు పదం చివరి అక్షరాన్ని గురువు చెయ్యదు.

కలువరేకు:
కొడుకు పలుకులోన కూర్పు తండ్రిది చూచి
మురిసి పెద్దలనిరి ముచ్చటించి
తనువు విడిచి కూడ తలపు విడువలేదు
కన్నుమూసి తండ్రి కవిత వ్రాసె

గడుసరి:
అబ్బ! సమస్యాపాదాన్ని పెద్దల నోట పెట్టేసరికి అసంభవం కాస్తా మెచ్చుకోలైపోయింది. ఏ మాటా విరవలేదు, ఏ అర్థమూ సాగదీయలేదు. మూడో పాదం ఒక్కటీ విడిగా చదువుకున్నా పద్యమే. తాటాకు గారూ, ముల్లు ఉంచి పూరించడమంటే ఇదీ.

తాటాకు:
కలువరేకు గారి పద్యం నాకూ నచ్చింది. ఆ సంగతి చెప్పడానికి నా పద్యాన్ని పక్కన నిలబెట్టక్కర్లేదు.

ఏటిగట్టు:
సగము వదలియున్న చోటు నందుకొనగ
నాన్న కలముతోనె నడక సాగ
చేయి నాది గాని చింత నాయనదయ్యె
కన్నుమూసి తండ్రి కవిత వ్రాసె

మొదటి పాదం నాన్నది. ఇంటి ఖర్చుల నోటుబుక్కు చివరి పేజీలో పెన్సిల్‌తో రాసుకున్నారు. పాదం మీద గురులఘువుల గుర్తులున్నాయి. కింద మూడు పాదాలకు జాగా వదిలారు. ఆ జాగా అలాగే ఉండిపోయింది. ఈ సమస్య చూడగానే ఆ పేజీయే గుర్తొచ్చింది.

తాటాకు:
మూడో పాదం చదివి కాసేపు ఆగిపోయాను. "చింత నాయనదయ్యె" చాలా గొప్పగా కుదిరింది. అయితే మొదటి పాదంలో యతి తప్పింది, అంటే పాదం మొదటి అక్షరానికీ యతిస్థానంలోని అక్షరానికీ పొత్తు కుదరలేదు. స, చ హల్లులకు మైత్రి ఉంది కానీ అకారానికీ ఓకారానికీ లేదు. "చరణ మందుకొనగ" అంటే సరిపోతుంది. పద్యపాదమూ అవుతుంది, తండ్రి పాదాలూ అవుతాయి.

గడుసరి:
అది వాళ్ల నాన్నగారి పాదం అని రాశారు కదండీ! పోయినవారి మాటను దిద్దే హక్కు మనకెక్కడిది? తాటాకు గారికి యతి కనబడితే పద్యం కనబడదు. నా "కాకి పాట" పూరణకూ ఇదే చేశారు. అందరూ భావం గురించి మాట్లాడుతుంటే ఈయన రెండో పాదం పట్టుకుని వదల్లేదు.

తాటాకు:
"కాకి పాట"లో యతి లేదు కాబట్టి లేదన్నాను. ఈరోజూ అదే అంటాను.

నిర్వాహకుడు:
"కాకి పాట"ను అక్కడే వదిలేద్దాం. ఏటిగట్టు గారి పద్యంతో లేచిన ప్రశ్న పెద్దది, పాతది కూడా. 7వ శతాబ్దంలో సంస్కృత కవి బాణుడు కాదంబరిని సగంలో వదిలి వెళ్లిపోతే కొడుకు భూషణభట్టు పూర్తిచేశాడు. తండ్రి మాటతోపాటు కథ కూడా ఆగిపోయిందని సజ్జనులు బాధపడుతుంటే చూడలేక మొదలుపెట్టాననీ, కవినన్న గర్వంతో కాదనీ ముందే చెప్పుకున్నాడు. ఎఱ్ఱన దారి వేరు. భారతంలో నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని ఆ నన్నయే రాజరాజుకు చెబుతున్నట్టు నడిపాడు. ఇక గోన బుద్ధారెడ్డి ద్విపద రామాయణాన్ని తండ్రి పేరు మీద చెబితే, ఉత్తరకాండను ఆయన కొడుకులు కాచభూపతి, విఠ్ఠలరాజు పూర్తిచేశారు. పేరు చెప్పుకున్నా, దాచుకున్నా ఆగినచోటి నుంచి ముందుకు నడిచినవాళ్లే అందరూ. నా మటుకు నాకు భూషణభట్టు పద్ధతి నచ్చుతుంది. ఎవరి పాలెంతో చదివేవాడికి తెలియాలి.

ఏటిగట్టు:
తాటాకు గారి మాట చదివి నోటుబుక్కు మళ్లీ తీశాను. "చో" చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది, పక్కన చిన్నగా "య" అని ఉంది. అదేమిటో ఇన్నాళ్లూ నాకు అర్థం కాలేదు.

తాటాకు:
యతి! ఆయనకు తెలుసండీ. తర్వాత దిద్దుకుందామని గుర్తు పెట్టుకున్నారు. తీరిక దొరికి ఉండదు. మా నాన్న కాగితాల్లోనూ ఇలాంటి సున్నాలున్నాయి. దిద్దండి, ఆయన మిమ్మల్ని అడిగినట్టే అనుకోండి.

కలువరేకు:
నాదీ అదే మాట. తప్పును తప్పుగానే దాచిపెడితే ఆయన పడిన తపనకు విలువేముంది? ఆయన కోరుకున్నది మంచి పద్యం.

గడుసరి:
సున్నా సంగతి నాకు తెలియదు. అలాగైతే దిద్దాల్సిందే. నోటుబుక్కులో మాత్రం ఒక్క గీత కూడా పెట్టకండి ఏటిగట్టు గారూ. ఆ పేజీ ఆయనది.

ఏటిగట్టు:
పేజీ ముట్టుకోను. నా ప్రతిలో ఇలా రాసుకున్నాను:

సగము వదలియున్న చరణ మందుకొనగ
నాన్న కలముతోనె నడక సాగ
చేయి నాది గాని చింత నాయనదయ్యె
కన్నుమూసి తండ్రి కవిత వ్రాసె

మొదటి పాదం నాన్నది, "చరణ" తాటాకు గారిది, మిగతాది నాది అని కింద రాశాను. ఆ నోటుబుక్కులో ఇలాంటి పాదాలు ఇంకా ఉన్నాయి. వీలు చూసుకుని పూర్తిచేస్తాను. ఎక్కడైనా యతి తప్పితే మొహమాటపడకుండా చెప్పండి.

తాటాకు:
నా పేరు తీసేయండి. అందులో నేను చేసిందేమీ లేదు.

ఏటిగట్టు:
తియ్యనండీ. ఎవరి పాలెంతో తెలియాలన్నారు కదా నిర్వాహకుడు గారు.

గడుసరి:
"చరణ" మంచి మాటే, ఒప్పుకుంటున్నాను. "కాకి పాట"లో మాత్రం అఖండయతి (సంధిలో కలిసిన అక్షరాన్ని విడదీయకుండానే యతి చూసుకోవడం) ఉంది తాటాకు గారూ, ఇంకోసారి చూడండి.

తాటాకు:
అఖండయతిని నేను ఒప్పుకోనని మీకు తెలుసు కదండీ.