అక్రిలిక్ పోరింగ్: ఆరిన తరువాత మధ్యలో బీటలు వస్తున్నాయి, కారణం మన తేమేనా?

ప్రశ్న (విజయనగరం నుంచి, ఉపాధ్యాయురాలు)

అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా ఆదివారాల్లో అక్రిలిక్ పోరింగ్ సొంతంగా నేర్చుకుంటున్నాను. పల్చగా కలిపిన రంగులను ఒకే కప్పులో పొరలుగా నింపి, కాన్వాసు మీద బోర్లించి, అంచుల దాకా వంచి పారించడం తెలిసింది గాని, ఇప్పటికి చేసిన ఇరవై మూడింటిలో గోడకు తగిలించదగినవి నాలుగే ఉన్నాయి. మా వైపు నేర్పేవారు నాకు దొరకలేదు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను.

రాత్రి పోసినప్పుడు అద్దంలా ఉన్న రంగు తెల్లవారేసరికి సరిగ్గా మధ్యలో ఎండిన చెరువు మట్టిలా బీటలు తీస్తోంది. రెండు వంతుల ఫెవికాల్‌కు ఒక వంతు నీరు కలిపి, ఆ మిశ్రమం రెండు వంతులకు ఒక వంతు రంగు చొప్పున కలుపుతున్నాను. కాన్వాసు 12 అంగుళాల చదరం, పోసేది దాదాపు 300 మిల్లీలీటర్లు. మనది సముద్రానికి దగ్గర ప్రాంతం, తేమ ఎక్కువ, రంగు ఆరదేమోనన్న భయంతో రాత్రంతా సీలింగ్ ఫ్యాను కింద ఉంచుతున్నాను. ఇది కాక, నీలం, నారింజ కలిసిన చోటల్లా బురదరంగు వస్తోంది. తెలుపు మీద నలుపు పోస్తే, వీడియోల్లో కనిపించే గుండ్రని గూళ్లు ఒక్కటీ రావడం లేదు. నా కలయికలో లోపమా, మన వాతావరణమా?

జవాబు 1 (శ్రీకాకుళం నుంచి)

టీచరు గారూ, మీరు తేమను నిందిస్తున్నారు గాని, నా అనుభవంలో బీటలకు కారణం ఆ ఫ్యానే. గాలి తగిలితే పైపొర ముందుగా మీగడ కట్టినట్టు బిగుసుకుంటుంది. లోపలి రంగు ఇంకా ద్రవంగానే ఉండి, నీరు పోయేకొద్దీ కుంచించుకుపోతూ ఆ మీగడను లాగుతుంది. లాగుడుకు ఆగలేని చోట అది చీలుతుంది. రంగు ఎంత మందంగా ఉంటే అంత పెద్ద చీలిక. నెమ్మదిగా ఆరితే పైనా కిందా దాదాపు కలిసి బిగుస్తాయి కాబట్టి, మన తేమ ఈ ఒక్క విషయంలో మనకు మేలే చేస్తుంది. నేను నాలుగేళ్ల కిందట మొదలుపెట్టినప్పుడు ఎండాకాలంలో మేడగదిలో కిటికీలు తీసి ఆరబెట్టినవన్నీ బీటలు వారాయి, వానాకాలంలో తలుపులు మూసి ఆరబెట్టినవి నిలిచాయి. అప్పటికీ సంగతి అర్థం కాక రంగు కంపెనీలు మార్చి చాలా డబ్బు పోగొట్టుకున్నాను.

ఇక బీట మధ్యలోనే ఎందుకు వస్తోందంటే, కాన్వాసు గుడ్డ బరువుకు కుంగి అక్కడ రంగు మడుగు కట్టి ఉంటుంది. పోయబోయే ముందు వెనకవైపు చెక్క మూలల్లో బిళ్లలు బిగించి గుడ్డను లాగండి, లేదా గుడ్డకూ చట్రానికీ మధ్య అట్టముక్క దూర్చండి. ఆరబెట్టే బల్లను తాపీమేస్త్రీలు వాడే రసమట్టంతో నిలువుగానూ అడ్డంగానూ సరిచూడండి. మీరు పోస్తున్న కొలత కూడా ఎక్కువే. నేను చదరపు అంగుళానికి సుమారు 1.2 మిల్లీలీటర్ల లెక్క పెట్టుకుంటాను. మీ కాన్వాసు 144 చదరపు అంగుళాలు కాబట్టి 170 నుంచి 180 సరిపోతుంది. పోసిన తరువాత గాలి ఆడకుండా పెద్ద అట్టపెట్టె బోర్లించి, రెండు మూడు రోజులు కదపకండి.

చిక్కదనం మాటకొస్తే, కొలతల కన్నా చూపే నమ్మదగినది, ఎందుకంటే ఒక్కో సీసాలో రంగు ఒక్కోలా ఉంటుంది. పుల్లతో ఎత్తి జారవిడిచినప్పుడు ధార తెగకుండా పడాలి, పడిన చోట చిన్న గుట్టలా నిలిచి ఒకటి రెండు సెకన్లలో కలిసిపోవాలి. గుట్ట అలాగే ఉండిపోతే నీరు తక్కువ, అసలు గుట్టే లేకపోతే నీరు ఎక్కువ. అన్ని రంగులూ ఒకే చిక్కదనంలో ఉండడం ముఖ్యం.

బురదరంగు సంగతి వేరు. నీలం, నారింజ ఒకదానికొకటి ఎదురు రంగులు. తడిలో కలిస్తే గోధుమో బూడిదో తప్ప మరొకటి రాదు. రెండింటి మధ్య తెలుపు పొర వేసి, వంచడం తగ్గించండి. బాగుందనిపించిన క్షణంలో ఆపకుండా ఇంకొక్కసారి వంచి నేను పాడుచేసుకున్నవి అన్నిటికన్నా ఎక్కువ.

జవాబు 2 (శ్రీకాకుళం నుంచి, విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు)

అమ్మా, గూళ్ల గురించి మీరు అడిగినదానికి జవాబు బరువులో ఉంది. మెక్సికో చిత్రకారుడు దవీద్ అల్ఫారో సికేరోస్ 1936లో న్యూయార్క్‌లో నడిపిన ప్రయోగశాలలో రంగు మీద రంగు పోసి, అవి వాటంతటవే ఒకదానిలోకొకటి చొచ్చుకుని నమూనాలు కట్టడం చూసి, దానిని యాదృచ్ఛిక చిత్రణ అన్నాడు. 2015లో మెక్సికో పరిశోధకులు ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసి, బరువైన ద్రవం తేలిక ద్రవం మీద ఉన్నప్పుడు కలిగే అస్థిరతే దానికి మూలమని చూపారు. భౌతికశాస్త్రంలో దీనిని రేలీ-టేలర్ అస్థిరత అంటారు. పైనున్న బరువు రంగు కిందికి దిగుతుంటే, కిందనున్న తేలిక రంగు పైకి ఉబికి గూడులా విచ్చుకుంటుంది.

తెలుపులో ఉండే టైటానియం డయాక్సైడు పొడి సాంద్రత నీటికి నాలుగు రెట్లకు పైగా ఉంటుంది, నలుపులో ఉండే కార్బన్ మసి అందులో సగం కూడా ఉండదు. మీరు బరువైన తెలుపును అడుగున, తేలికైన నలుపును పైన ఉంచారు. అది నిలకడగా ఉండిపోయే అమరిక, అందులో కదలిక పుట్టదు. దానిని తిరగవేసి చూడండి. అయితే సీసా మీద రాసిన పేరును బట్టి బరువు తేల్చకండి. మందుల దుకాణంలో సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి కొని, కలిపిన ప్రతి రంగునూ బుడగలు లేకుండా అంతే కొలతకు పీల్చి, చిన్న డిజిటల్ త్రాసు మీద తూచండి. నోటుపుస్తకంలో ఆ అంకెలు రాసుకోండి. ఒక్కో ప్రయత్నంలో ఒక్క విషయమే మార్చండి, లేకపోతే ఏ మార్పు ఏ ఫలితాన్ని ఇచ్చిందో ఎన్నటికీ తెలియదు.

జవాబు 3 (బొబ్బిలి నుంచి)

గూళ్లు పెద్దవి కావాలంటే రంగుకు ఒకటి రెండు చుక్కల సిలికాన్ నూనె కలుపుతారు, కానీ ఆరిన తరువాత ఆ నూనె పైకి చేరి, వార్నిష్ వేసినప్పుడు చిన్న చిన్న గుంటలు పడతాయి. పూర్తిగా ఆరాక, అంటే కనీసం రెండు వారాలకు, గిన్నెలు తోమే ద్రవం కలిపిన నీటితో మెత్తటి గుడ్డ తడిపి తుడవాలి. ఇంకొక మాట, జిగురు కలిపిన పనులను ఒకదాని మీద ఒకటి పేర్చవద్దు. ఎండాకాలంలో ఆ పొర మెత్తబడుతుంది. మే నెలలో నేను బీరువాలో పేర్చిన రెండు అతుక్కుపోయి, విడదీస్తే రెండింటి రంగూ ఊడిపోయింది. ఒకటి మా అమ్మ గదికోసం చేసినది, దానిని మళ్లీ అలా చేయలేకపోయాను.

ప్రశ్న అడిగినవారి నుంచి, మూడు వారాల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. కాన్వాసు వృథా కాకుండా, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన 8 అంగుళాల టైల్ ముక్కలు వాడాను; అవి కుంగవు, బాగా రాకపోతే ఆరిన పొరను ఒలిచేసి మళ్లీ పోయవచ్చు. ఒకే కప్పు రంగుతో రెండు ముక్కల మీద 75 మిల్లీలీటర్ల చొప్పున పోసి, ఒకటి ఫ్యాను కింద, ఒకటి అట్టపెట్టె కింద ఉంచాను. ఫ్యాను కింద ఉన్నదానిలో మర్నాటికే మూడు బీటలు వచ్చాయి. పెట్టె కిందది నాలుగో రోజుకు ఆరింది, ఒక్క గీత కూడా లేదు. మాస్టారు గారు చెప్పినట్టు తూచితే 10 మిల్లీలీటర్ల తెలుపు 11.4 గ్రాములు, నలుపు 10.7 గ్రాములు వచ్చాయి. నలుపు మీద తెలుపు పోసిన ముక్కలో, నూనె చుక్క వేయకుండానే, చింతగింజంత గూళ్లు ఒక పక్కగా విచ్చుకున్నాయి. రెండో పక్క మాత్రం ఖాళీగా ఉంది. ఆ పక్క బల్ల కొంచెం వాలుగా ఉందని రసమట్టం పెట్టాకే తెలిసింది. కాలికింద అట్టముక్క పెట్టి, ఈ ఆదివారం అదే తెలుపు, అదే నలుపుతో మళ్లీ పోస్తున్నాను.