జియాంట్4 డేటా ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి పెట్టుకోవచ్చా?

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టు కోసం ఉబుంటు లినక్స్ 22.04లో జియాంట్4 11.0 (కణాలు పదార్థంలోంచి ఎలా వెళ్తాయో సిమ్యులేట్ చేసే సాఫ్ట్‌వేర్) వేసుకుంటున్నాను. దాన్ని కంపైల్ చేయడానికి కావలసిన సీమేక్, జీసీసీ, క్యూటీ లైబ్రరీలు ముందే ఉన్నాయి.

ల్యాప్‌టాప్ ర్యామ్ 4 జీబీయే. కంపైల్ చేసే మేక్ కమాండ్‌కి జే4 (ఒకేసారి నాలుగు పనులు) ఇస్తే సగంలో ‘కిల్డ్’ అని ఆగిపోయింది. జే1 పెట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి పూర్తయింది. హమ్మయ్య అనుకుని దాంతో వచ్చే ఉదాహరణల్లోని బీ1 ప్రోగ్రాం నడిపితే, దానికి కావలసిన ఫిజిక్స్ డేటా ఎక్కడుందో సెట్ చేయలేదని ఎర్రర్. ఆ సెట్టింగులు పెట్టే జియాంట్4.ఎస్‌హెచ్ స్క్రిప్ట్‌ని సోర్స్ చేశాను, అయినా అదే మాట. తర్వాత తెలిసింది, డేటా డౌన్‌లోడ్ ఆప్షన్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుందట.

ఇప్పుడు ఆన్ చేస్తే కొన్ని ఫైళ్లు వందల ఎంబీ. మాకు సిగ్నల్ డాబా మీదే, అదీ ఫోన్ హాట్‌స్పాట్. నిన్న తొంభై శాతం దగ్గర కొబ్బరి మట్ట తీగల మీద పడి కరెంటు పోయింది, మళ్లీ మొదటికే!

కాకినాడలో ఫ్రెండ్ రూములో వైఫై ఉంది. అక్కడ ఆ ఫైళ్లు దించి తెస్తే ఏ ఫోల్డర్‌లో విప్పాలి? మళ్లీ మొత్తం కంపైల్ చేయాలా? అదొక్కటే నా టెన్షన్. విండోస్‌కి మారమని మాత్రం చెప్పకండి, ప్లీజ్.